సివియర్ మైట్రల్ స్టెనోసిస్, 36 వారాల గర్భిణి, సిజేరియన్: ఓటీలో గుండె మీద నిఘా ఎంతవరకు?

జిల్లా_మత్తు (ప్రశ్న)

24 ఏళ్లు, రెండో కాన్పు, 36 వారాలు, బరువు 52 కిలోలు. రుమాటిక్ మైట్రల్ స్టెనోసిస్ (రుమాటిక్ జ్వరం వల్ల గుండె ఎడమ గదుల మధ్య కవాటం ఇరుకవడం). మొదటి కాన్పు సిజేరియనే. ఈసారి ఆయాసం మొదలయ్యాకే గుండె సంగతి బయటపడింది కాబట్టి నెలల మధ్యలో బెలూన్‌తో కవాటం వెడల్పు చేసే సమయం దాటిపోయింది. ఎకో (గుండె అల్ట్రాసౌండ్)లో ప్లానిమెట్రీతో (కవాటం నోటిని నేరుగా గీసి కొలిచి) 1.0 చదరపు సెం.మీ., మీన్ గ్రేడియెంట్ (కవాటానికి అటూ ఇటూ ప్రెషర్ తేడా) 14, ఆర్‌వీఎస్‌పీ (కుడి జఠరిక, అంటే ఆర్‌వీలో ప్రెషర్) 52, ఈఎఫ్ (ఎడమ జఠరిక ఒక్కో బీట్‌కి బయటికి పంపే శాతం) 60. ఏట్రియం (గుండె పై గది)లో గడ్డ లేదు. సైనస్ రిథమే (మామూలు లయ), రేటు 84. మెటోప్రొలాల్ 25 మి.గ్రా. రెండు పూటలా, ఫ్యూరోసెమైడ్ 20 మి.గ్రా. నడుస్తున్నాయి. మెట్లెక్కితే ఆయాసం, రాత్రి రెండు దిండ్లు కావాలి.

కార్డియాలజీ, ప్రసూతి, మేము కూర్చుని ప్లాన్డ్ సిజేరియన్ అనుకున్నాం. తక్కువ డోసు స్పైనల్ (వెన్నులో ఒక్కసారి ఇచ్చే మత్తు), దాంతోపాటు ఎపిడ్యూరల్ (వెన్ను దగ్గర సన్నటి గొట్టం పెట్టి కొద్దికొద్దిగా ఇచ్చేది). సాధారణ మానిటర్లతో పాటు ఆర్టీరియల్ ట్రాన్స్‌డ్యూసర్ (ధమనిలో వేసిన లైన్ నుంచి ప్రెషర్ ఎడతెగకుండా చూపేది), సెంట్రల్ లైన్ కిట్, ఎకో మెషిన్ ఉన్నాయి. సందేహాలు ఇవీ:

సెంట్రల్ లైన్ వేసి సీవీపీ (గుండె దగ్గరి పెద్ద సిరలో ప్రెషర్) చూడమంటున్నారు, అవసరమా? టీఈఈ (అన్నవాహికలోంచి చేసే ఎకో) గురించి ఆలోచించాలా? ఆర్టీరియల్ వేవ్ నుంచి కార్డియాక్ అవుట్‌పుట్ (గుండె నిమిషానికి పంపే రక్తం) లెక్కగట్టే పల్స్ కాంటూర్ మానిటర్ పక్క ఓటీ నుంచి తెచ్చుకోవచ్చు, తెస్తే లాభముందా? ఇవన్నీ ఎప్పటిదాకా ఉంచాలి?

కార్డియాక్_మత్తు

గ్రేడియెంట్ 14 అన్న అంకెను కవాటం వైశాల్యంతో కలిపే చదవండి. గ్రేడియెంట్ ప్రవాహానికి వర్గంగా పెరుగుతుంది. గర్భంలో కార్డియాక్ అవుట్‌పుట్ 30 నుంచి 50 శాతం పెరుగుతుంది. 40 శాతం అనుకుంటే 1.4 వర్గం, అంటే దాదాపు రెండింతలు. గర్భానికి ముందు ఇదే కవాటం మీద 7 చూపించి ఉండేదన్నమాట. అందుకే మీరు ప్లానిమెట్రీ చేయించడం మంచిదైంది. 1.0 అంటే మాత్రం ఎటు చూసినా ఇరుకే.

ఎల్‌వీ (ఎడమ జఠరిక) బాగుంది కాబట్టి పంపు గురించి బెంగ లేదు. మూడిటి మీద కన్నుండాలి: రేటు, రిథమ్, ఎడమ ఏట్రియంలో ప్రెషర్. రేటు 70 అయితే ఒక్కో బీట్‌కి 0.86 సెకను దొరుకుతుంది, 120 అయితే 0.5 సెకను. సిస్టోల్ (గుండె ముడుచుకునే సమయం) పెద్దగా కుదించుకోదు, కోత పడేదంతా డయాస్టోల్‌కే (గుండె నిండే సమయానికే). ఇరుకు కవాటం గుండా రక్తం దిగడానికి ఉన్నది ఆ సమయమే. అది తగ్గితే ముందు అవుట్‌పుట్ పడుతుంది, వెనక ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. రెండూ ఒకేసారి.

ఈ లెక్కన ఆవిడకి అన్నిటికంటే ముఖ్యమైన మానిటర్ ఈసీజీ. లీడ్ టూ, వీ5 రెండూ తెర మీద ఉండాలి. పీ వేవ్ కనపడే సైజుకి లీడ్ టూ పెంచుకోండి. అది మాయమై ఆర్-ఆర్ దూరాలు గందరగోళమైతే ఏఎఫ్ (ఏట్రియం లయ తప్పి అదరడం) వచ్చినట్టే, కారణం వెతుకుతూ రెండు నిమిషాలు పోగొట్టుకోవద్దు. చాలా మానిటర్లలో హార్ట్‌రేట్ పై అలారం 120 దగ్గర ఉంటుంది. ఈ కేసుకి అది పనికిరాదు, 95కి దించండి. ఈసీజీలో ఎస్‌టీ భాగం చూడాలనుకుంటే ఫిల్టర్ డయాగ్నస్టిక్ మోడ్‌లో ఉండాలి. మామూలు మానిటర్ మోడ్ ఎస్‌టీని వంకర చేస్తుంది. అయితే గుండె జబ్బు లేని వాళ్లకీ సిజేరియన్‌లో ఎస్‌టీ కాస్త కిందికి దిగడం మామూలే. అదొక్కటే చూసి ఇస్కీమియా (గుండె కండరానికి రక్తం చాలకపోవడం) అనేయకండి.

ఆర్టీరియల్ లైన్ తప్పదు. స్పైనల్‌కి ముందే, తోలు కింద లిగ్నోకైన్ ఇచ్చి వేయండి. నొప్పితో, భయంతో రేటు 110కి పోతే మనం వేసిన లైనే మనకి శత్రువవుతుంది. 20 గేజ్, రేడియల్. కఫ్ రెండో చేతికి. ఒకే చేతికి రెండూ పెడితే కఫ్ బిగిసిన ప్రతిసారీ వేవ్ చదునై, అలారం మోగి, అందరూ ఉలిక్కిపడతారు.

సీవీపీ విషయంలో నా మాట: ప్రెషర్ చూడ్డానికైతే వద్దు. అది కుడివైపు సంగతి చెబుతుంది. అడ్డంకి ఎడమవైపు ఉంది. సీవీపీ 6 చూపిస్తూ ఉండగానే పల్మనరీ ఎడీమా (ఊపిరితిత్తుల్లో నీరు) రావచ్చు. పైగా ఆ 6 చూసి ఎవరో ఒకరు "ఫ్లూయిడ్ తక్కువైంది" అని 500 మి.లీ. ఎక్కిస్తారు, అసలు ప్రమాదం అక్కడే. మందులు నడపడానికి లైన్ కావాలంటే అది వేరే సంగతి. అయినా ఈవిడకి రెండు మంచి 18 గేజ్ క్యాన్యులాలు చాలు. స్వాన్-గాంజ్ (గుండె గుండా పల్మనరీ ఆర్టరీలోకి పంపే క్యాథెటర్) ఊసు కూడా ఎత్తకండి. వైర్ తగిలి రిథమ్ చెడితే తెచ్చిపెట్టుకున్న గొడవ అవుతుంది, పల్మనరీ ప్రెషర్ ఎక్కువున్న చోట ఆర్టరీ చిరిగే ముప్పు అదనం.

టీఈఈ మెలకువగా ఉన్న గర్భిణికి వేయరు. జనరల్ (పూర్తి మత్తు)కి వెళ్లాల్సి వచ్చి, ట్యూబ్ పడ్డాక, ప్రెషర్ ఎందుకు నిలవడం లేదో అంతుపట్టకపోతే అప్పుడు. అందాకా ఛాతీ మీది ఎకో చాలు.

ఇంకొకటి. డీఫిబ్రిలేటర్ (గుండెకి షాక్ ఇచ్చే మెషిన్) పాడ్‌లు డ్రేప్ వేయకముందే అంటించండి. ఏఎఫ్‌తో ప్రెషర్ పడిపోతే సింక్రనైజ్ చేసి బైఫేజిక్‌లో 120 నుంచి 200 జౌల్స్. గర్భం వల్ల ఈ అంకెలు మారవు. ప్రెషర్ నిలిచి రేటు మాత్రమే ఎక్కుతుంటే ఎస్మొలాల్ కిలోకి 0.5 మి.గ్రా., ఈవిడకి 25 మి.గ్రా. అవుతుంది. బిడ్డ ఇంకా లోపలే ఉంటే బిడ్డ గుండె నెమ్మదించవచ్చని పిల్లల డాక్టర్‌కి ముందే చెప్పి ఉంచండి.

బయోమెడ్_ఓటీ

ఆర్టీరియల్ లైన్ మీద అంత భరోసా పెట్టుకుంటున్నారు కాబట్టి ట్రాన్స్‌డ్యూసర్ గురించి నాలుగు మాటలు. వచ్చే కంప్లయింట్లలో ఎక్కువ భాగం మెషిన్‌వి కావు, ఎత్తువి.

జీరో చేయడం, లెవెల్ చేయడం రెండు వేర్వేరు పనులు. త్రీవే (లైన్‌లో ఉండే మూడు దారుల కుళాయి)ని గాలికి తెరిచి బటన్ నొక్కితే జీరో. ఆ త్రీవే గుండె ఎత్తులో ఉండటం లెవెల్: నాలుగో పక్కటెముకల సందు, మిడ్ ఆక్సిలరీ గీత. జీరో బాగా చేసి లెవెల్ తప్పితే తెర మీద అందమైన వేవ్, పక్కన తప్పు అంకె. 10 సెం.మీ. తేడాకి 7.5 మి.మీ. తప్పు వస్తుంది.

ట్రాన్స్‌డ్యూసర్ సెలైన్ స్టాండ్‌కి కట్టి ఉందనుకోండి. స్పైనల్ అయ్యాక సర్జన్ వచ్చి తన ఎత్తుకి టేబుల్‌ని 15 సెం.మీ. పైకి లేపిస్తారు. గుండె పైకి పోయింది, ట్రాన్స్‌డ్యూసర్ ఉన్నచోటే ఉంది. ఇప్పుడు అంకె 11 ఎక్కువ చూపిస్తుంది. మీన్ 65 అని మీరు నిశ్చింతగా ఉంటారు, అసలు ఉన్నది 54. సరిగ్గా స్పైనల్ పని చేస్తున్న సమయం అది. అందుకే టేబుల్ పక్క రాడ్‌కే క్లాంప్ చేయండి, టేబుల్‌తో పాటు అదీ లేస్తుంది. కుడి తుంటి కింద వెడ్జ్ పెట్టి 15 డిగ్రీలు ఎడమకి వాల్చాక ఇంకోసారి లెవెల్ చూడాలి. రాడ్ ఏ పక్కన ఉందన్న దాన్ని బట్టి వాలులోనే కొన్ని సెంటీమీటర్లు తేడా వస్తుంది.

ప్రెషర్ బ్యాగ్ 300 దగ్గర ఉండాలి, అప్పుడే గంటకి 3 మి.లీ. చొప్పున ఫ్లష్ వెళ్తుంది. కేసు మధ్యలో బ్యాగ్ గాలి దిగి 150కి వస్తే లైన్‌లో రక్తం వెనక్కి వస్తుంది, గడ్డ కడుతుంది. వేవ్ మీద అనుమానం వస్తే ఫ్లష్ లాగి వదలండి. నిలువు గోడ కట్టి, కిందికి దిగి, ఒకటి రెండు ఊపులు ఊగి ఆగిపోతే బాగుంది. ఊగకుండా నున్నగా దిగితే ఎక్కడో గాలిబుడగో, గడ్డో, మణికట్టు దగ్గర మెలికో ఉంది. అప్పుడు సిస్టాలిక్ తక్కువ, డయాస్టాలిక్ ఎక్కువ చూపిస్తుంది. నాలుగైదు సార్లు ఊగితే సిస్టాలిక్ ఉన్నదానికంటే ఎక్కువ. పొడుగు సరిపోలేదని మామూలు సెలైన్ ఎక్స్‌టెన్షన్ అతికించిన చోట ఇవి చూస్తుంటాం. ఆ మెత్తటి గొట్టం వాడకండి, గట్టి ప్రెషర్ ట్యూబే వాడండి. రెండు సందర్భాల్లోనూ మీన్ అంకె కాస్త నమ్మదగినది.

ఎకోగది

ఓటీలో ఎకో అంటే పూర్తి రిపోర్టు రాయాలని కాదు. మూడు సమయాల్లో ఒకే కొలత: స్పైనల్‌కి ముందు, బ్లాక్ పైకి వచ్చాక, బిడ్డ బయటపడిన ఐదు నిమిషాలకి. ప్రోబ్ పట్టుకోవడానికి వేరే మనిషి ఉండాలి. మత్తు ఇచ్చేవారే ఎకో చేస్తానంటే రెండూ చెడతాయి.

సబ్‌కాస్టల్ కిటికీ మర్చిపోండి, అక్కడ సర్జన్ చేతులుంటాయి. పారాస్టెర్నల్, అపికల్ రెండూ డ్రేప్ పైభాగం నుంచి దొరుకుతాయి. ఎడమకి వాల్చి ఉంచడం మనకి కలిసొచ్చేదే, గుండె ఛాతీ గోడకి దగ్గరవుతుంది. ఈసీజీ స్టిక్కర్లు, పాడ్‌లు ఆ రెండు చోట్లా రాకుండా ముందే మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి. పాడ్ అంటించాక దాని మీంచి ఎకో రాదు.

కొలవాల్సింది ఎల్‌వీఓటీ (ఎల్‌వీ నుంచి రక్తం బయటికి వెళ్లే దారి) వీటీఐ, అంటే ఒక్కో బీట్‌కి రక్తం అక్కడ ఎన్ని సెం.మీ. ముందుకి పోతుందన్నది. అపికల్ ఫైవ్ ఛాంబర్‌లో పల్స్‌డ్ డాప్లర్ శాంపిల్‌ని అయోర్టిక్ కవాటానికి అర సెంటీమీటర్ కింద పెట్టండి. ఎల్‌వీఓటీ వ్యాసం ఆపరేషన్ మధ్యలో మారదు కాబట్టి ప్రతిసారీ కొలవక్కర్లేదు. వ్యాసం 2 సెం.మీ. అయితే వైశాల్యం 3.14, వీటీఐ 18 అయితే స్ట్రోక్ వాల్యూమ్ (ఒక్కో బీట్‌కి వెళ్లే రక్తం) 56 మి.లీ. చిల్లర. వీటీఐ 18 నుంచి 14కి దిగిందంటే స్ట్రోక్ వాల్యూమ్‌లో అయిదో వంతుకి పైగా పోయింది. ప్రెషర్ ఇంకా నిలబడే ఉన్నా సరే. ఏఎఫ్ ఉంటే కనీసం ఐదు బీట్ల సగటు తీయండి, ఒక్క బీట్ చూసి చెప్పొద్దు.

పారాస్టెర్నల్ షార్ట్‌లో సెప్టమ్ చూడండి. ఎల్‌వీ గుండ్రంగా ఉండాల్సింది డీ ఆకారంలోకి చదునైతే ఆర్‌వీ మీద భారం పెరిగినట్టు. ఆర్‌వీఎస్‌పీ 52 ఉన్న మనిషికి అది చెడ్డ వార్త.

గుండె కంటే ముందు ఊపిరితిత్తులు చెబుతాయి. అదే ప్రోబ్‌ని రెండు పక్కలా కాలర్‌బోన్ కింద పెట్టి బీ లైన్లు (ఊపిరితిత్తుల్లో నీరు చేరితే తెర మీద కనిపించే నిలువు తెల్ల గీతలు) లెక్కపెట్టండి, డ్రేప్ ఏమీ అడ్డు రాదు. ఒక సందులో మూడు, అంతకంటే ఎక్కువ ఉండి, మొదట్లో లేకపోతే నీరు చేరడం మొదలైంది. శాచురేషన్ దిగేది ఆ తరవాత. పడుకోలేకపోవడం, పొడి దగ్గు, రేటు 84 నుంచి 92, 98 అని మెల్లగా పాకడం కూడా ఇదే కథ. "భయపడుతోంది" అని మిడజోలం ఇచ్చే ముందు ఒకసారి ప్రోబ్ పెట్టండి.

జిల్లా_మత్తు

చాలా ఉపయోగం. సీవీపీ వదిలేస్తున్నాం. పల్స్ కాంటూర్ మానిటర్ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంకోటి, స్పైనల్ తరవాత ప్రెషర్‌కి ఫినైల్‌ఎఫ్రిన్ ఒక ఆంప్యూల్ 10 మి.లీ. సిరంజిలో కలిపి 0.5 మి.లీ. చొప్పున ఇద్దామనుకుంటున్నాం, సరేనా?

కార్డియాక్_మత్తు

ఆగండి. మన దగ్గర దొరికే ఆంప్యూల్ 10 మి.గ్రా. అది 10 మి.లీ.లో కలిపితే మి.లీ.కి 1 మి.గ్రా., మీ అర మి.లీ. అంటే 500 మైక్రోగ్రాములు. ఇవ్వాల్సినదానికి పది రెట్లు. రేటు 40కి పడి, ప్రెషర్ 200కి పోతుంది. ఆంప్యూల్‌ని 100 మి.లీ. సెలైన్ బాటిల్‌లో వేయండి, మి.లీ.కి 100 మైక్రోగ్రాములు వస్తుంది. అందులోంచి 10 మి.లీ. సిరంజిలోకి తీసుకుని లేబుల్ వేయండి. అప్పుడు 0.5 మి.లీ. అంటే 50. బాటిల్‌కి కూడా లేబుల్ వేయాలి, లేకపోతే ఎవరో మామూలు సెలైన్ అనుకుని వాడేస్తారు.

మందు ఎంపిక సరైనదే. రక్తనాళాలు బిగిస్తుంది, రేటు తగ్గిస్తుంది, స్టెనోసిస్‌కి రెండూ కావాలి. ఎఫెడ్రిన్ ట్రేలో కూడా ఉంచకండి, రేటు పెంచుతుంది. (కవాటం లీక్ అయ్యే కేసుల్లో మాత్రం ఫినైల్‌ఎఫ్రిన్‌తో రేటు మందగిస్తే లీక్ పెరుగుతుంది. ఈ సలహాని అక్కడికి మోసుకుపోవద్దు.) ఎకోలో ఆర్‌వీ ఉబ్బుతున్నట్టు కనిపిస్తే నార్‌అడ్రినలిన్‌కి మారండి. ఎపిడ్యూరల్ టెస్ట్ డోసులో అడ్రినలిన్ వద్దు. స్పైనల్‌లో 5 మి.గ్రా. బుపివకైన్, 25 మైక్రోగ్రాముల ఫెంటానిల్‌తో మొదలుపెట్టి, మిగతాది ఎపిడ్యూరల్‌లో 3 మి.లీ. చొప్పున పెంచుకుంటూ పోతే ప్రెషర్ ఒక్కసారిగా కూలదు. ముందు 500 మి.లీ. ఎక్కించే అలవాటు ఈవిడకి వద్దు.

పల్స్ కాంటూర్ గురించి: తెచ్చుకుంటే ట్రెండ్‌కి వాడండి, అంకెని నమ్మకండి. వేవ్ ఆకారం నుంచి అవుట్‌పుట్ లెక్కగడుతుంది కాబట్టి ఫినైల్‌ఎఫ్రిన్ ఇచ్చి నాళాలు బిగించిన క్షణాన దానికే అయోమయం. అందులో వచ్చే ఎస్‌వీవీ (ఊపిరితో పాటు స్ట్రోక్ వాల్యూమ్ ఎంత మారుతోందన్న శాతం) చూసి ఫ్లూయిడ్ నిర్ణయించడమైతే అసలు కుదరదు. సొంతంగా ఊపిరి తీసుకుంటున్న మనిషిలో, రిథమ్ తప్పిన గుండెలో ఆ అంకెకి అర్థం లేదు. పైన ఎకోగది మేడమ్ చెప్పిన వీటీఐ దొరుకుతుంటే ఆ మెషిన్ తోసుకురావడం దండగ.

ప్రసూతి_వార్డు

కింది వైపు నుంచి ఒక మాట. ఈ కేసులో చెడ్డ పది నిమిషాలు బిడ్డ బయటికొచ్చాక మొదలవుతాయి. గర్భాశయం ముడుచుకోగానే 500 మి.లీ. దాకా రక్తం ఒక్కసారి ఒంట్లోకి తిరిగొస్తుంది. వీనా కేవా మీద బరువు కూడా తొలగుతుంది. కాన్పు కాగానే అవుట్‌పుట్ నొప్పులకి ముందున్న దానికంటే 60 నుంచి 80 శాతం పైకి పోతుంది. ఇరుకు కవాటానికి ఇది వరద. అప్పుడే మేము ఆక్సిటోసిన్ (గర్భాశయాన్ని బిగించే మందు) అడుగుతాం. అది బోలస్‌గా వెళ్తే నాళాలు వదులై ప్రెషర్ పడి రేటు ఎగురుతుంది. మీరు వద్దనుకున్నవన్నీ ఒకే సిరంజిలో.

కాబట్టి బోలస్ లేదు. 10 యూనిట్లు 50 మి.లీ. సిరంజి పంప్‌లో, గంటకి 25 మి.లీ., అంటే 5 యూనిట్లు. పెద్ద సెలైన్ బాటిల్‌లో కలిపి వదిలేసే పద్ధతి ఈవిడకి వద్దు, నీళ్లు ఎక్కువ పోతాయి. అదే పనికి వాడే మెథర్జిన్, కార్బోప్రోస్ట్ రెండూ ట్రే నుంచి తీసేయండి. ఒకటి ప్రెషర్ అమాంతం పెంచుతుంది, రెండోది పల్మనరీ ప్రెషర్ పెంచుతుంది, ఊపిరి బిగబడుతుంది. గర్భాశయం మెత్తగా ఉంటే మర్దన, మిసోప్రోస్టాల్, అవసరమైతే బీ-లించ్ కుట్టు (గర్భాశయాన్ని నొక్కి పట్టే కుట్టు). కుట్టు దారం ముందే తెరిచి పెట్టుకోవడం మా పని.

సర్జన్ నోరు తెరిచి చెప్పాలి: "గర్భాశయం కోస్తున్నా", "బిడ్డ వచ్చింది", "మాయ వచ్చింది". ఆ మూడు మాటలకి మానిటర్ దగ్గర ఒక మనిషి రేటు, మీన్ ప్రెషర్ పైకి చదవాలి. బిడ్డ వచ్చాక రేటు 95 దాటినా, బీ లైన్లు కనిపించినా తల వైపు ఎత్తి, ఫ్యూరోసెమైడ్ 20 మి.గ్రా. ఇవ్వడానికి మా అనుమతి కోసం చూడొద్దు. రక్తస్రావం వల్ల రేటు పెరిగిందా, నీరు చేరి పెరిగిందా అన్నది ఫ్యూరోసెమైడ్‌కి ముందు తేల్చుకోవాలి, అంతే. సక్షన్ బాటిల్, మాప్‌లు చూడండి, ఎకోలో ఎల్‌వీ ఖాళీగా ఉందా చూడండి.

పీజీ_రెండో_ఏడు

ఇలాంటి గుండె జబ్బే ఉండి 22 వారాల్లో అపెండిక్స్ వస్తే? జనరల్ ఇస్తే మానిటరింగ్‌లో ఏం మారుతుంది?

కార్డియాక్_మత్తు

గుండె వైపు పెద్దగా మారదు. ఆర్టీరియల్ లైన్, అదే అలారం, అదే ఎడమ వాలు. 20 వారాలు దాటితే వాల్చాల్సిందే. కొత్తగా చేరేది క్యాప్నోగ్రాఫ్ (వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ కొలిచేది). గర్భంలో ఆర్టీరియల్ కార్బన్ డయాక్సైడ్ 28 నుంచి 32 మధ్య ఉంటుంది, ఎండ్ టైడల్‌కీ (ఊపిరి వదిలే చివర కొలిచిన అంకెకీ) దానికీ తేడా దాదాపు ఉండదు. అందుకని ఎండ్ టైడల్ 30-32 దగ్గర పెట్టండి. అలవాటు కొద్దీ 38-40 దగ్గర వదిలేస్తే అది ఆవిడకి ఎక్కువే, పల్మనరీ ప్రెషర్ పెరుగుతుంది. ఎండ్ టైడల్ ఉన్నట్టుండి పడిపోతే వెంటిలేటర్ సర్క్యూట్‌తో పాటు అవుట్‌పుట్ కూడా అనుమానించండి. లారింగోస్కోపీకి రేటు ఎగరకుండా ఎస్మొలాల్ చేతిలో ఉండాలి. ట్యూబ్ ఉంది కాబట్టి ఇక్కడ టీఈఈ న్యాయమే.

22 వారాలకి బిడ్డ గుండె మొదలుపెట్టే ముందు, అయ్యాక డాప్లర్‌తో విని రాసుకుంటే చాలు. బయట బతికే వయసు దాటాక, కోతకి అడ్డం రాకపోతే, మధ్యలో కూడా వినే ఏర్పాటు చేసుకోవాలి.

గుండె ఆగితే మాత్రం: గర్భాశయాన్ని చేత్తో ఎడమకి నెట్టి పట్టుకుని కంప్రెషన్లు. బొడ్డు దాటిన గర్భం అయితే 4 నిమిషాల్లో గుండె తిరిగి కొట్టుకోకపోతే అక్కడే కోత పెట్టి 5 నిమిషాల లోపు బిడ్డని తీయాలి. బిడ్డ కోసం అనుకుంటారు, తల్లి కోసం కూడా.

జిల్లా_మత్తు

చివరి ప్రశ్న మిగిలింది, ఎప్పటిదాకా?

ఎకోగది

ఆర్టీరియల్ లైన్ కనీసం 24 గంటలు, ఐసీయూలో. కణజాలంలో ఉన్న నీరు రక్తంలోకి తిరిగొస్తూ ఉంటుంది కాబట్టి పల్మనరీ ఎడీమా భయం మూడు రోజులు ఉంటుంది. లైన్ తీశాక కూడా ఈసీజీ మానిటర్, శాచురేషన్, గంటగంటకీ యూరిన్ 72 గంటల దాకా ఉంచండి. స్పైనల్ దిగి నాళాలు మళ్లీ బిగిసే గంటల్లో ప్రోబ్ పెట్టి బీ లైన్లు ఒకసారి చూడాలి. ఓటీ నుంచి బయటికి తెచ్చేటప్పుడు ట్రాలీ మీద పోర్టబుల్ మానిటర్ తగిలించండి. పడుకోబెట్టి కాదు, కూర్చోబెట్టి తీసుకెళ్లండి. మెటోప్రొలాల్ సాయంత్రం డోసు ఆపరేషన్ హడావుడిలో తప్పిపోతుంది, కేస్ షీట్ మీద ఎర్ర ఇంకుతో రాసి పెట్టండి.

బయోమెడ్_ఓటీ

ఐసీయూ మంచం మీద తల వైపు ఎత్తాక ట్రాన్స్‌డ్యూసర్ లెవెల్ మళ్లీ చూసుకోండి సార్.